ఒండ్రు అందని తీరం, పట్టా లేని జనం

సముద్రతీర నగరాల భవిష్యత్తును గురించి పల్నాటి మెట్ట నేల నుంచి రాయవలసిన అవసరం ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. దాచేపల్లి నుంచి సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం. మిరప కల్లాలు, పత్తి చేలు, సున్నపురాయి క్వారీల మధ్య బతికే మనకు అలల చప్పుడుతో పరిచయం తక్కువ. అయితే మన తూర్పున ఉన్న తీరాన్ని నిర్మించింది సముద్రం కాదు, నది. దివిసీమ, బందరు, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలన్నీ కృష్ణానది వేల సంవత్సరాలపాటు మోసుకువచ్చి పోసిన ఒండ్రు మీద నిలిచిన నేలలే. ఆ నదిని మన మండలంలోని పొందుగల వద్ద దాటే మనం హైదరాబాదుకు వెళతాము. కారెంపూడి మీదుగా వచ్చే మన నాగులేరు చివరకు కలిసేది కూడా ఆ నదిలోనే. కనుక తీరానికి ఏది చేరుతుంది, ఏది చేరదు అన్న ప్రశ్నలో మనకూ భాగం ఉన్నది.

వాతావరణ మార్పును తట్టుకునే తీర నగరాలను నిర్మించాలని నేడు ప్రభుత్వాలు, నిపుణులు, అంతర్జాతీయ బ్యాంకులు ఒకే గొంతుతో చెబుతున్నారు. ఆ ఆశయంతో ఎవరికీ విభేదం ఉండదు. కాని మన రాష్ట్రంలో తీర ప్రణాళికల పేరిట జరుగుతున్నదాన్ని పరిశీలిస్తే రెండు లెక్కలు వాటిలో కనబడవు. ఒకటి, తీరానికి చేరవలసిన ఒండ్రు, ఇసుకల లెక్క. రెండు, ఆ తీరం మీద కాగితం లేకుండా బతుకుతున్న మనుషుల లెక్క. ఈ రెండూ లేని ప్రణాళిక ఎంత ఖరీదైనదైనా, ఎంత అందమైన బొమ్మలతో అచ్చయినా, మొదటి పెద్ద తుఫానుకే దాని విలువ తేలిపోతుంది.

నది ఇవ్వడం తగ్గించిన చోట

డెల్టా అనేది ఒకసారి ఏర్పడి అలాగే ఉండిపోయే నేల కాదు. అలలు ప్రతిరోజూ దాని అంచును కొరుకుతూనే ఉంటాయి. వరదతో వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తూ ఉంటుంది. ఈ రాకపోకలు సమంగా ఉన్నంత కాలం తీరం నిలుస్తుంది. రాబడి తగ్గితే తీరం వెనక్కి జరుగుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని అంకెలతో నిరూపించింది. 1966–69 నాటికి విజయవాడ వద్ద కృష్ణానది ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును మోసుకుపోయేది. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిలో 15 కోట్ల టన్నులుగా ఉన్నది 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. దాని ఫలితంగా 1965 నుంచి 2008 వరకు 43 సంవత్సరాలలో 336 కిలోమీటర్ల ఈ జంట డెల్టాల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలయింది. 1990కి పూర్వం ఏటా కోల్పోయిన నేల కంటె, ఆ తరువాత ఏటా కోల్పోతున్న నేల ఎక్కువ అని కూడా ఆ అధ్యయనం తేల్చింది.

ఆ ఒండ్రు ఎక్కడికి పోయింది? జవాబు మన ఎగువనే ఉన్నది. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ తొలి సామర్థ్యం 408 టీఎంసీలు. నేడు 312 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. శ్రీశైలం తొలి సామర్థ్యం 308 టీఎంసీలు. నేడు 215 టీఎంసీలు మాత్రమే. రెండింటిలోనూ కలిపి దాదాపు 190 టీఎంసీల చోటును పూడిక ఆక్రమించింది. రైతుకు ఇది నీటి నష్టం. హంసలదీవి దగ్గర ఉండే మత్స్యకారుడికి ఇది నేల నష్టం. నష్టపోయిన ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు.

సాగర్ కుడి కాలువ నీటితో మన పల్నాడు బతుకుతున్నది. దాన్ని కాదనే మాట ఈ వ్యాసంలో లేదు. ఆనకట్టలను తొలగించమని అడగడం అవివేకం. అయితే మనం పొందిన మేలుకు దిగువన ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న సత్యాన్ని అంగీకరించడం న్యాయం. ఆనకట్టల దిగువన నదిలో మిగిలిన ఇసుకను కూడా యంత్రాలతో తోడి లారీలకెత్తడం ఆ మూల్యాన్ని రెట్టింపు చేస్తుంది. తీర ప్రణాళిక రాసే శాఖ వేరు, జలాశయాలను నడిపే శాఖ వేరు, ఇసుక రేవులను వేలం వేసే శాఖ వేరు. నదికి మాత్రం ఈ విభజన తెలియదు.

ఈ స్థితిలోనే సముద్రమట్టం పెరుగుతున్నది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006 తరువాత ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతున్నదని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2021లో నివేదించింది. మిల్లీమీటర్లే కదా అని తేలికగా తీసుకోరాదు. పల్లపు డెల్టాలో మట్టం కొద్దిగా పెరిగినా ఉప్పెన మరింత లోపలికి వస్తుంది, బావులలో ఉప్పు మరింత దూరం చొరబడుతుంది.

గోడ కట్టిన చోట

తీరం కోసుకుపోతున్నదనగానే మన పాలకులకు మొదట గుర్తుకువచ్చేది రాతిగోడ. గోడ వద్దని అనలేము. ఇళ్లు కూలిపోతున్న చోట అది తప్పనిసరి కావచ్చు. కాని ఇసుక ఎలా కదులుతుందో తెలుసుకోకుండా కట్టిన ఏ కట్టడమైనా ఒకచోట కోతను ఆపి మరొకచోట మొదలుపెడుతుంది.

విశాఖపట్నం ఇందుకు మంచి పాఠం. మన తీరం వెంబడి సంవత్సరంలో అధిక భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. 1970లలో విశాఖ ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి అలల అడ్డుగోడలు కట్టారు. ఉత్తరానికి వెళ్లవలసిన ఇసుక అక్కడే ఆగిపోయింది. రామకృష్ణా బీచ్ సన్నబడసాగింది. అప్పటి నుంచి ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి బీచ్‌కు చేర్చడం నిరంతర వ్యయంగా మారింది. ప్రకృతి ఉచితంగా చేసిన పనిని యంత్రాలతో కొనుక్కుంటున్నాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను అదే నగరాన్ని తాకిన తరువాత, ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో విద్యుత్ తీగలను భూగర్భంలో వేశారు. అది మెచ్చదగిన పని. తీగలకు చూపిన ముందుచూపు ఇసుకకు కూడా చూపితే ఎంత బాగుండేది!

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ మరొక పాఠం. జాందానీ చీరలకు పేరుపొందిన ఆ ఊరు అంగుళం అంగుళంగా సముద్రంలోకి జారుతున్నది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబు గోడ కట్టారు, బీచ్ రోడ్డును మళ్లీ మళ్లీ బాగుచేశారు. తుఫాను వచ్చిన ప్రతిసారీ రోడ్డు మళ్లీ తెగుతూనే ఉన్నది. ఇళ్లు పోయినవారు ఊరిలోనే రెండు వీధులు వెనక్కి జరిగి, బంధువుల పంచన చేరి, మళ్లీ అలలు రావడం కోసం ఎదురుచూస్తున్నారు.

ఇప్పుడు బందరు వంతు వచ్చింది. గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా, అరేబియా దేశాలకు ఓడలు బయలుదేరిన రేవు అది. 1611లో ఆంగ్లేయులు తమ వర్తకశాలను నెలకొల్పిన రేవు. చాలాకాలం వాడిపోయి ఉన్న ఆ పట్టణానికి కొత్త ఓడరేవు రావాలని అక్కడి ప్రజలు దశాబ్దాలుగా కోరుకున్నారు. 2023 మే నెలలో తపసిపూడి వద్ద పనులకు శ్రీకారం చుట్టారు. ఉపాధి కోసం ఎదురుచూస్తున్న యువతకు అది ఆశాకిరణమే. మనం అడగవలసింది ఒక్కటే. కొత్త అడ్డుగోడలకు ఉత్తరాన ఉన్న గ్రామాల తీరం ఏటా ఎంత కోతకు గురవుతుందో కొలిచేదెవరు? ఆగిన ఇసుకను అవతలికి చేర్చే ఖర్చు రేవు ఖాతాలో రాస్తారా, లేక గ్రామస్థుల ఖాతాలోనా? విశాఖలో అర్ధ శతాబ్దం తరువాత తెలిసిన పాఠాన్ని బందరులో మొదటి రోజే అమలు చేయవచ్చు.

ఉప్పెన నేర్పిన పాఠం

బందరు ప్రజలకు సముద్రం కొత్తగా భయం నేర్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణంలోనూ పరిసరాలలోనూ దాదాపు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. మన తరం వారికి ఆ రోజుల వార్తాపత్రికల ఛాయాచిత్రాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

అటువంటి విపత్తు నుంచి ఒక పేద దేశం ఎలా నేర్చుకోగలదో బంగ్లాదేశ్ చూపింది. 1970 నాటి భోలా తుఫానులో అక్కడ మూడు లక్షలకు పైగా జనం నశించారు. ఆ తరువాత రెడ్ క్రాస్ తోడ్పాటుతో గ్రామగ్రామానా స్వచ్ఛంద సేవకులను తయారుచేశారు. ఎత్తైన ఆశ్రయ భవనాలు కట్టారు. మెగాఫోన్లతో, జెండాలతో, మసీదు మైకులతో హెచ్చరికలు ఇంటింటికీ చేర్చారు. 2020లో వచ్చిన అంఫాన్ తుఫానులో అక్కడ మృతుల సంఖ్య పదులలోనే ఉన్నది. సముద్రం మారలేదు, తుఫాను బలహీనం కాలేదు. మనుషులను ముందుగా లెక్కపెట్టుకోవడం, ముందుగా కదిలించడం నేర్చుకున్నారు.

చెట్టు చేసే మేలు కూడా తెలిసినదే. 1999 నాటి ఒడిశా పెనుతుఫాను తరువాత కేంద్రపడా జిల్లాలో జరిపిన అధ్యయనంలో, సముద్రానికి తమకు మధ్య విశాలమైన మడ అడవి ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. మన కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో కూడా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోట్ల నీటిని లోపలికి తెచ్చి, ఎండిన మడ అడవులను తిరిగి పచ్చగా చేశారు. గోడతో పోలిస్తే దీనికి అయ్యే ఖర్చు తక్కువ. గ్రామస్థులకు పని దొరుకుతుంది, చేపకు, పీతకు నీడ దొరుకుతుంది. అయినా మడ భూములను రొయ్యల చెరువులుగా మార్చినంత వేగంగా తిరిగి అడవిగా మార్చడం మనకు చేతకాలేదు.

జాబితాకు ఎక్కని పేరు

ఇక రెండవ లెక్కకు వద్దాము. నేను మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేశాను. వరద వచ్చినా, గాలివాన వచ్చినా ముందుగా మా బల్ల మీదకు వచ్చేది ఒక నమూనా పత్రం. అందులో మొదటి గడిలో పేరు, రెండవ గడిలో ఇంటి నంబరు, మూడవ గడిలో పట్టా వివరం. ఆ మూడవ గడి ఖాళీగా ఉంటే మొదటి గడిలోని మనిషి కూడా మెల్లగా మాయమవుతాడు. ఇందులో ఎవరో ఒక అధికారి దుర్మార్గం ఉండనవసరం లేదు. కాగితం అలా తయారైంది. గోడ కూలిన అద్దె ఇంటికి సాయం వస్తే అది యజమానికి చేరుతుంది. ఆ గోడ కింద నలిగిన కుట్టుమిషను, తోపుడుబండి, బియ్యపు డబ్బా ఏ గడిలోనూ పట్టవు. పంట నష్టం భూమి ఎవరి పేర ఉన్నదో వారికి వెళుతుంది. కౌలుకు చేసినవాడు గట్టు మీద నిలబడి చూస్తాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు కూడా కౌలు రైతుల గోడు ఇదే.

చట్టంలో ఒక విచిత్రం ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రభుత్వం భూమి తీసుకున్నప్పుడు యజమానినే కాక, మూడు సంవత్సరాలుగా దానిపై ఆధారపడి బతికిన కౌలుదారును, కూలీని, చేతివృత్తి మనిషిని కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. మత్స్యకారుల వంటి నీటిపై ఆధారపడిన కుటుంబాలనూ గుర్తిస్తుంది. కాని అదే భూమిని సముద్రం తీసుకుంటే? ఆ చట్టం వర్తించదు. తీసుకున్నది అల కనుక దావా వేయడానికి ప్రతివాది లేడు. అయితే ఇంతకుముందు చెప్పుకున్నట్లు, ఆ అల వెనుక ఆనకట్ట ఉన్నది, అడ్డుగోడ ఉన్నది, ఇసుక లారీ ఉన్నది. ఇది పూర్తిగా ప్రకృతి వైపరీత్యమని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఒక ఆశాజనకమైన మార్పు లేకపోలేదు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణ పనులకు రూ.1,500 కోట్లు, కోత వల్ల నిరాశ్రయులైన వారి పునరావాసానికి రూ.1,000 కోట్లు కేటాయించాలని సిఫారసు చేసింది. నదీ కోత, సముద్ర కోత రెండూ కలిపి దేశమంతటికీ ఐదేళ్లకు ఈ మొత్తం. చాలదన్నది స్పష్టమే. 1990–2018 మధ్య దేశ తీరంలో మూడవ వంతు కోతకు గురైందని కేంద్ర సంస్థల అంచనాలే చెబుతున్నాయి. అయినా కోత కూడా విపత్తేనని, దానికి పునరావాసం హక్కేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఒడిశాలోని సాతభాయ గ్రామస్థులను, సుమారు 570 కుటుంబాలను, సముద్రానికి దూరంగా బగపటియా కాలనీకి తరలించారు. అక్కడ లోపాలు ఉండవచ్చు. కాని ఊరు మొత్తం మునగకముందే ఊరిని కదిలించవచ్చునన్న ఉదాహరణ మన పొరుగు రాష్ట్రంలోనే ఉన్నది.

తీర నియంత్రణ నిబంధనల చరిత్ర మాత్రం వేరే దారిలో నడిచింది. 1991 నాటి నోటిఫికేషన్ పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ విధించింది. 2011 నాటి నోటిఫికేషన్ అలలు, కోత, సముద్రమట్టాల పెరుగుదల ఆధారంగా ప్రమాద రేఖను గుర్తించాలన్నది. 2019 నాటి నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాలలో నిర్మాణ నిషేధాన్ని 50 మీటర్లకు కుదించింది. ప్రమాద రేఖను విపత్తు నిర్వహణకు ఉపయోగించుకోమన్నదే తప్ప, నిర్మాణాల అనుమతిలో దానికి కట్టుబడనక్కరలేదన్నది. ప్రమాదం ఎంతవరకు వస్తుందో ప్రభుత్వానికి తెలుసు. అయినా ఆ గీత లోపల హోటలు కట్టడానికి ఆ గీత అడ్డురాదు. అదే గీత పక్కన తాటాకు పాక వేసుకున్నవాడు మాత్రం ఆక్రమణదారు.

ఈ పత్రిక పాఠకులకు ఇది సుపరిచితమైన బాధ. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక నుంచి మనం నేర్చుకున్న మొదటి విషయం, లెక్కకు రాని సమాజం ప్రణాళికకూ రాదన్నదే. బందరు, కాకినాడ, విశాఖ వంటి పట్టణాల పల్లపు వాడలలో ఎండుచేపల వ్యాపారం, కుట్టుపని, ఆటో, తోపుడుబండి, రోజుకూలీల మీద బతికే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. వారి పక్కనే అదే స్థితిలో మత్స్యకారులు, దళితులు ఉన్నారు. ఉప్పెన ఎవరి మతాన్నీ అడగదు. పునరావాస జాబితా మాత్రం అందరినీ కాగితం అడుగుతుంది. కనుక ఇది ఒక వర్గానికి ప్రత్యేక వరం కోరే వాదన కాదు, పట్టా లేనివారందరి తరఫున చేసే వాదన. మన శ్మశానాలు, ఈద్‌గాలు, వక్ఫ్ భూములు తీరానికి చేరువగా ఉన్న చోట అవి కూడా పటాలలో గుర్తింపబడాలి. మునిగిన తరువాత సరిహద్దులు వెతకడం అసాధ్యం.

అడగవలసినవి, చేయవలసినవి

ప్రభుత్వాన్ని అడగవలసినవి నాలుగు. కృష్ణా, గోదావరి తీరాలకు ఏటా ఎంత ఒండ్రు చేరిందో, ఎంత నేల పోయిందో జిల్లాలవారీగా ప్రజలకు ప్రకటించాలి. సముద్రంలోకి అడ్డుగోడ కట్టే ప్రతి రేవు, ఆగిన ఇసుకను అవతలికి చేర్చే బాధ్యతను, దాని ఖర్చును అనుమతి పత్రంలోనే తీసుకోవాలి. ప్రమాద రేఖ ఎవరికైనా ఒకటే కావాలి, హోటలుకు సడలింపు, పాకకు కూల్చివేత ఉండరాదు. చివరిది అత్యంత ముఖ్యం. పటం గీయక ముందే ఇంటింటి జాబితా తయారుకావాలి. అందులో పట్టా గడి ఖాళీగా ఉన్నవారికి, అద్దెకు ఉన్నవారికి, కౌలుదారులకు సమాన స్థానం ఉండాలి. 2013 చట్టం భూసేకరణలో వారికి ఇచ్చిన గుర్తింపును సముద్రపు కోతకు కూడా వర్తింపజేయాలి.

మన వంతు పని కూడా ఉన్నది. తీర నిర్వహణ పటాలపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు బందరు, బాపట్ల, నిజాంపట్నం జమాత్ పెద్దలు మత్స్యకార సంఘాలతో కలిసి హాజరు కావాలి. అభ్యంతరాలను నోటిమాటగా చెప్పి ఊరుకోక రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. రసీదు లేని అర్జీకి కార్యాలయంలో ఆయుష్షు తక్కువ. ప్రతి మసీదు కమిటీ తన వాడలో అద్దెకు ఉన్న కుటుంబాల పేర్లు, వృద్ధులు, నడవలేనివారి వివరాలు ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. తుఫాను రోజున ఆ పుస్తకం ప్రాణాలు కాపాడుతుంది. తుఫాను తరువాత అది సాక్ష్యంగా నిలబడుతుంది.

పల్నాడులో ఉన్న మనకు బాధ్యత లేదని అనుకోరాదు. పులిచింతల కింద తమ ఊళ్లు మునిగిన కుటుంబాలు మన పొరుగు మండలాలలో ఉన్నాయి. ఊరు విడవడమంటే ఏమిటో, పరిహారపు జాబితాలో పేరు లేకపోవడమంటే ఏమిటో వారిని అడిగితే చెబుతారు. నాగులేరు గట్టును ఆక్రమించకుండా, కృష్ణలో ఇసుకను అడ్డగోలుగా తోడకుండా నిలువరించడం మన ఊరి కోసమే కాదు, దిగువన ఉన్న తీరం కోసం కూడా. భూమి మనకు అమానత్‌గా అప్పగించబడినదని మనం మాటల్లో తరచు చెబుతాము. అమానత్ అంటే చేతిలో ఉన్నంతవరకు వాడుకుని వదిలేసేది కాదు, తరువాతివాడికి చెక్కుచెదరకుండా అప్పగించవలసినది. నది విషయంలో ఆ తరువాతివాడు దిగువన, సముద్రపు ఒడ్డున, పట్టా లేని నేల మీద నివసిస్తున్నాడు. అతని పేరు జాబితాలో చేరేవరకు ఏ తీర ప్రణాళికనూ పూర్తయినదని ఒప్పుకోరాదు.